పదిహేనో రోజు వాసన

మా స్టాఫ్ రూములో తిరిగే ఫ్యాను ఒక్కటే. దాని కింద ఎవరు కూర్చుంటే వాళ్ళ వాసన గది మొత్తానికి చేరుతుంది. ఒకరి టిఫిన్ డబ్బాలో ఎండుచేప ఉంటే అందరికీ తెలుస్తుంది, ఇంకొకరు కొబ్బరినూనె మార్చినా తెలుస్తుంది. ఈ ఏడు కొత్తగా బదిలీ మీద వచ్చిన కామర్స్ సార్, నేను వచ్చి కూర్చోగానే ముక్కు కాస్త పైకెత్తి అడిగాడు.

"మేడమ్, మీరు వేసుకున్నది మగవాళ్ళ సెంటు కదా?"

"చెట్టు సెంటు సార్" అన్నాను.

"వుడీ" అని సరిదిద్దాడు. ఆయనకు ఈ విషయాలు బాగా తెలుసు. సీసా పేరు అడిగాడు, చెప్పాను. కనుబొమలు లేచాయి. "వుడీ వేసుకునేవాళ్ళది ఒక పర్సనాలిటీ అండీ. నిదానం, నిబ్బరం. తరాల నుంచి ఉన్న దర్జా ఉంటుంది చూడండి, అది. వీళ్ళు అరిచి చెప్పరు, ఉన్నారని మనకే తెలుస్తుంది." ఒక్క క్షణం ఆగి, నిజంగా మంచి మనసుతోనే అన్నాడు: "మీరు ఇట్లాంటిది వాడతారని నేను అనుకోలేదు."

నేను నవ్వి హాజరు పట్టీ తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయాను. వెంటనే జవాబు తోచే మనిషిని కాను నేను. నాకు జవాబు తోచేసరికి బస్సు మూడు స్టేజీలు దాటి ఉంటుంది. ఈసారి నాలుగు నెలలు పట్టింది.

ముందు ఆ సీసా సంగతి చెప్తాను. ఉద్యోగంలో చేరిన ఏడాది అరియర్స్ వచ్చినప్పుడు హైదరాబాద్‌లో కొన్నాను. 5,400 రూపాయలు. మా ఇంట్లో ఈ అంకె ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఈ పోస్టు చూసి మా తమ్ముడు చదివి వినిపిస్తే తెలుస్తుంది. ఆ షాపులో అమ్మాయి నన్ను చూడగానే "లేడీస్‌వి ఇటు మేడమ్" అని మల్లె, గులాబీ, ఏవో పండ్ల వాసనలు తెల్ల కాగితపు ముక్కల మీద కొట్టి ఇచ్చింది. అన్నీ బాగానే ఉన్నాయి, ఏదీ నాది కాదు. పక్క అర మీద ఉన్న ముదురు గోధుమరంగు సీసా చూపించి అది కొట్టమన్నాను. "అది మెన్స్ మేడమ్" అంది. కొట్టమన్నాను. ఆ కాగితం ముక్కను ముక్కు దగ్గర నుంచి తియ్యబుద్ధి కాలేదు. ఎందుకో అప్పుడు తెలియదు.

డబ్బా మీద రాసి ఉంది. పైన నిమ్మజాతి పండు, మధ్యలో దేవదారు, వట్టివేరు, అడుగున గంధం, తోలు. సెంటు తయారీలో లెక్క ఇది. నిమ్మ నూనెలు తేలిక, వచ్చిన పది నిమిషాలకే ఎగిరిపోతాయి. పూలు గంటో రెండు గంటలో ఉంటాయి. చెక్క నూనెల అణువులు బరువైనవి, మెల్లగా ఆవిరవుతాయి. అందుకే పొద్దున కొట్టుకున్నదానిలో సాయంత్రం బస్సులో మన చున్నీ మీద మిగిలేది చెక్క ఒక్కటే. ఇంతవరకు రసాయనశాస్త్రం. దీని మీద అమ్మేవాళ్ళు ఒక జాతకం కట్టారు. పూల వాసన వేసుకునేవాళ్ళు సున్నితం, పండ్ల వాసన వాళ్ళు చిలిపి, చెక్క వాసన వాళ్ళు గంభీరం, లోతు. మెల్లగా ఆవిరయ్యే అణువు గుణాన్ని తీసి మనిషికి అంటించారు. చిలక జోస్యం కన్నా ఇందులో ఎక్కువ శాస్త్రమేమీ లేదు. తేడా ఒక్కటే, చిలక మన దగ్గర పది రూపాయలు తీసుకుంటుంది.

కానీ నవ్వి వదిలెయ్యలేను. ఎందుకంటే మనిషి వాసనను బట్టి మనిషి గుణం చెప్పే విద్య ఈ దేశానికి సెంటు కంపెనీలు తెచ్చింది కాదు. అది మనకు పాతది. నేను దాని కింద చదువుకున్నాను.

ఏడో తరగతి. నేను చదువులో ముందుకొస్తున్నానని మా క్లాస్ టీచరమ్మ నన్ను వెనక బెంచీ నుంచి మొదటి బెంచీకి మార్చింది. తర్వాతి పీరియడ్ సోషల్. సార్ వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు, మొదటి బెంచీ వైపు చూశాడు. "ఆ కిటికీ తియ్యండ్రా" అన్నాడు. అంతే. నా పేరు తియ్యలేదు, నన్ను లేవమనలేదు. కిటికీ పక్క పిల్లవాడు లేచి కిటికీ తీశాడు. క్లాసులో యాభై మందికీ ఆ కిటికీ ఎవరి కోసం తెరిచారో తెలిసిపోయింది.

నేను ఇప్పటికీ లెక్క వేసుకునేది ఏమిటంటే, అప్పటికి మా తాత లంద మూతపడి రెండేళ్ళు. మా ఇంట్లో పచ్చితోలు లేదు. నాయిన మేస్త్రీ పనికి పోతున్నాడు. ఆ పొద్దు నేను ఎర్రసబ్బుతో తోముకుని, మా అవ్వ ఉతికి మడత పెట్టిన బట్టలు వేసుకుని వచ్చాను. ఆ సార్ ముక్కుకు తగిలింది మరి ఏమిటి? హాజరు పట్టీలో నా ఇంటిపేరు. దానికి వాసన ఉంటుందని నాకు ఆ రోజు తెలిసింది.

అప్పటి నుంచి పౌడరు. హాస్టల్లో మేమందరం మెడ చుట్టూ తెల్లగా పౌడరు పూసుకునేవాళ్ళం. పండుగకు పెళ్ళికి కాదు, క్లాసుకు. మా మొహాలు చూసి డే స్కాలర్లు "జొన్నపిండి" అనేవాళ్ళు. ఇప్పుడు మా కాలేజీలో వెల్ఫేర్ హాస్టల్ నుంచి వచ్చే మగపిల్లలు డియోడరెంట్ కొట్టుకొస్తారు. ఒక గదిలో పన్నెండు మందికి ఒక డబ్బా. కారిడార్లో వాళ్ళు పోతుంటే వాసన ముందు వస్తుంది, పిల్లలు తర్వాత వస్తారు. స్టాఫ్ రూములో నవ్వుతారు: "ఈ హాస్టల్ బ్యాచ్ సెంటు తాగుతారా ఏందండీ, చీప్ టేస్ట్." కొట్టుకోకపోతే కంపు. కొట్టుకుంటే చీప్. ఎంత కొట్టుకుంటే మనిషి లెక్క ఉంటుందో ఆ కొలత ఎవరూ ఆ పిల్లలకు చెప్పరు. ఆ కొలత ఇళ్ళలో నేర్చుకునేది. మూడు తరాలుగా ఇంట్లో సీసా ఉన్నవాడికి తెలుస్తుంది.

నాకూ తెలియదు. ఆ 5,400 సీసా తెచ్చిన కొత్తలో నేను తొమ్మిదిసార్లు నొక్కేదాన్ని. మెడకు రెండు, చేతులకు రెండు, చీర కుచ్చిళ్ళకు రెండు, జడకు ఒకటి, ఇంకా అనుమానం తీరక రెండు. ఇంకో సంగతి, సొంత సెంటు పావుగంటకే మన ముక్కుకు అందడం మానేస్తుంది. ముక్కు అలవాటు పడిపోతుంది. నాకు వాసన రావడం లేదంటే ఎవరికీ రావడం లేదనుకుని మధ్యాహ్నం బాత్రూములో మళ్ళీ కొట్టుకునేదాన్ని. ఎవరి ఇంటి వాసన వాళ్ళకు తెలియకపోవడం నాకు ఒక రకంగా పెద్ద పాఠం. "మా ఇంట్లో కులం లేదండీ" అనేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళకు నిజంగానే రావడం లేదు.

ఇక నా సబ్జెక్టుకు వస్తాను. తెలుగు పంతులమ్మను కదా, మాట దగ్గర ఆగకుండా పోలేను.

"వాసన" అనే మాటనే చూడండి. ముక్కుకు తగిలేది వాసన. పూర్వజన్మ నుంచి మనిషిని అంటిపెట్టుకుని వచ్చే స్వభావం కూడా వాసనే. పూర్వజన్మ వాసనలు అంటారు. "వాడికి చదువు వాసన లేదు" అంటాం. అంటే పర్సనాలిటీ అనే మాటకు మన తత్వశాస్త్రం ఎప్పుడో ఇచ్చిన పేరు వాసన. డబ్బాలో పువ్వు ఉండి పోతే డబ్బాకు వాసన మిగిలినట్టు, చేసిన కర్మ పోయినా మనిషికి దాని వాసన మిగులుతుందట. అందుకే ఈ పుట్టుక, ఈ పని. ఆ సోషల్ సార్ కిటికీ తీయించింది నా ఒంటి వాసనకు కాదు, ఈ రెండో అర్థంలోని వాసనకు. సార్‌కు తెలుగు బాగా వచ్చు.

ఇంకోటి. డిగ్రీలో అర్థపరిణామం పాఠం ఉంటుంది. కొన్ని మాటలకు కాలం గడిచేకొద్దీ గౌరవం పెరుగుతుంది. జూదమాడేవాళ్ళకు పేరైన "సభికులు" ఇప్పుడు సభలో కూర్చున్న పెద్దమనుషులు. కొన్ని మాటలకు గౌరవం పోతుంది. దానికి ప్రతి పుస్తకంలో ఇచ్చే ఉదాహరణ "కంపు". పాత తెలుగులో కంపు అంటే మంచి వాసన. ప్రబంధ కవులు ఇష్టంగా వాడుకున్న మాట. ఇప్పుడు అది మురికి కాలువ దగ్గర తప్ప కనిపించదు. ఆ స్థానంలోకి పరిమళం, సౌరభం, సువాసన వచ్చి కూర్చున్నాయి. అన్నీ సంస్కృతం. దేశి మాటను కాలువ దగ్గరకు తోసి, బయటి నుంచి వచ్చిన మాటను గుడిలో పెట్టారు. ఈ పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు పుస్తకంలో గీత గీసుకుంటారు, పరీక్షలో రెండు మార్కులు. నేను మాత్రం ప్రతి ఏడూ ఆ మాట దగ్గర గొంతు సవరించుకుంటాను. ఊరి మాట ఒకటి వాడకు పోయినట్టు అనిపిస్తుంది.

మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయాల మీద దారి తప్పి తిరుగుతుంటే, దగ్గరలో మనిషి ఉందని అతనికి ఎలా తెలుస్తుంది? వాసనను బట్టి. కస్తూరి, కర్పూరం కలిపిన తాంబూలం వాసన గాలిలో తేలి వస్తుంది. ఆ వాసనకు అతను మనిషి ఉనికినే గుర్తుపడతాడు, అటు నడుస్తాడు, వరూధిని కనిపిస్తుంది. నేను క్లాసులో ఈ ఘట్టం ఇష్టంగానే చెప్తాను, పెద్దన గొప్ప కవి, దాంట్లో నాకు పేచీ లేదు. కానీ ఒక వాసన వస్తే "ఎవరో గొప్ప మనిషి ఉంది" అని దగ్గరికి నడిచే సాహిత్యం ఐదు వందల ఏళ్ళ నాటి నుంచి ఉంది. ఇంకో వాసన వస్తే కిటికీ తియ్యమనే మనుషుల గురించి రాయడానికి మా వాళ్ళు కలం పట్టేదాకా ఆగాల్సి వచ్చింది. 1941లో జాషువా గబ్బిలంలో తోలు పని చేసే మనిషిని నాయకుణ్ణి చేసేదాకా మా ఇంటి గాలి కావ్యంలోకి రాలేదు.

గంధపు చెట్టు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కామర్స్ సార్ చెప్పిన ఆ నిబ్బరమైన పర్సనాలిటీకి మూలపురుషుడు అదే. సుభాషితాల్లో మంచివాడు అంటే గంధపు చెట్టు. తనను నరికే గొడ్డలికి కూడా వాసననిస్తుందట. చిన్నప్పుడు ఈ నీతి బోర్డు మీద రాసి పెట్టేవాళ్ళు. తర్వాత ఎప్పుడో ఒక బాటనీ మేడమ్ చెప్పింది. శ్రీగంధం ఒంటరిగా బాగా పెరగదు. దాని వేళ్ళు భూమి లోపల పక్క చెట్ల వేళ్ళను పట్టుకుని వాటిలోంచి నీళ్ళూ లవణాలూ పీల్చుకుంటాయి. పాక్షిక పరాన్నజీవి. గంధం తోట వేసే రైతులు పక్కన కందో, సరుగుడో పెట్టేది అందుకే. బెరడుకు వాసన లేదు, పై తెల్లచెక్కకు లేదు, ఏళ్ళకేళ్ళు అట్లా పక్కవాటి మీద బతికాక లోపల చేవకు వాసన పడుతుంది. ఇది విన్న రోజు నేను చాలాసేపు నవ్వాను. తరాల నుంచి ఉన్న దర్జా అంటే సరిగ్గా ఇదే కదా! చెట్టును తిట్టడం నా ఉద్దేశం కాదు, దానికి సుభాషితాలు రాయమని అది అడగలేదు.

గంధానికి చుట్టం కాకపోయినా పేరు పంచుకున్న చెట్టు ఒకటి మన శేషాచలం కొండల్లో ఉంది. ఎర్రచందనం. దానికి వాసన లేదు. రంగు కోసం, చేవ కోసం దాన్ని నరుకుతారు. 2015 ఏప్రిల్ 7న అక్కడ 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చిన పేదలు. ఆ చెక్కతో చేసిన సామాను ఏ దేశంలో ఏ ఇంట్లో ఉందో, ఆ ఇంటివాళ్ళను చూసినవాళ్ళు "మంచి అభిరుచి" అనే అనుకుంటారు. నరికినవాడికి అభిరుచి ఉండదు, కేసు ఉంటుంది.

ఇక మా లంద.

చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు. లంద అంటే తోలును పదును చేసే తొట్టి, కుండ. మా తాతది ఇంటి వెనక, వేపచెట్టు కింద. ఊరిలో గొడ్డు చస్తే కబురు వచ్చేది. తోలు తెచ్చి సున్నం నీళ్ళలో వేసేవాళ్ళు. నాలుగైదు రోజులకు వెంట్రుక వదులుతుంది. మొద్దుకత్తితో గీకాలి, లోపలి వైపు అంటుకున్న మాంసం తియ్యాలి. ఈ దశలో వచ్చేది నిజంగా దుర్వాసనే. దాన్ని మంచి వాసన అని నేను అనను. మా నాయినమ్మ వేళ్ళు సున్నానికి పగిలి ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, అన్నం కలుపుకుంటే మండి ఎడమచేత్తో నీళ్ళు పోసుకునేది. కడిగి కడిగి సున్నం పోయాక అసలు పని మొదలు. తంగేడు చెక్క. మా ఇంటి ఆడవాళ్ళు గట్ల మీద, గుట్టల మీద తంగేడు కొట్టి, బెరడు ఒలిచి, ఎండబెట్టి, దంచేవాళ్ళు. కొంచెం కరక్కాయ. ఆ నీళ్ళు ఎర్రటి టీ డికాషన్‌లా ఉండేవి. తోలును అందులో నానేసి, తర్వాత సంచిలా కుట్టి, లోపల చెక్కపొడి, నీళ్ళు నింపి చెట్టుకు వేలాడదీసేవాళ్ళు. కింద కుండ. బొట్టు బొట్టు కారిన నీళ్ళను మళ్ళీ పైన పోసేది నా పని. నాకు ఆరేళ్ళు, ఏడేళ్ళు. గొడ్డు మళ్ళీ బతికి చెట్టుకు వేలాడుతున్నట్టు ఉండేది, రాత్రిపూట భయం.

తంగేడు పువ్వు లేకుండా బతుకమ్మ లేదు. ఇప్పుడది రాష్ట్ర పుష్పం కూడా. ఒకే మొక్క. పువ్వు ఊరి ఆడపిల్లల పళ్ళెంలోకి పోయింది, బెరడు మా లందలోకి వచ్చింది. బతుకమ్మ నాడు తంగేడు తెంపుకురావడానికి వచ్చిన ఊరి పిల్లలు మా నాయినమ్మ బెరడు ఒలుస్తున్న పొద దగ్గరికి వచ్చేవాళ్ళు కాదు. ఇంకో పొద వెతుక్కునేవాళ్ళు.

1998లో తాత లందను మట్టి పోసి పూడ్చాడు. ప్లాస్టిక్ చెప్పులు వచ్చేశాయి, క్రోమ్ పెట్టి రోజుల్లో తోలు తీసే ఫ్యాక్టరీలు వచ్చేశాయి, ఊరిలో మోటకు బొక్కెనలు ఎప్పుడో పోయాయి. పూడ్చిన చోట మా అవ్వ బెండ వేసింది. బాగా కాసింది.

ఈ దసరాకు ఇంటికి పోయాను. సద్దుల బతుకమ్మ పొద్దున తయారై, అలవాటు కొద్దీ సీసా తీసి చేతికి నొక్కుకున్నాను. ఇప్పుడు నాకు మూడు చాలు. నాయిన వాకిట్లో మంచంలో కూర్చుని ఉన్నాడు. ఆయనకు కళ్ళు సరిగా కనపడవు, రెండో కంటి ఆపరేషన్ ఇంకా కాలేదు. నేను పక్క నుంచి పోతుంటే చెయ్యి పట్టి ఆపాడు.

"గిదేం వాసన బిడ్డా?"

"సెంటు నాయినా."

నా మణికట్టు ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. నాకు చిన్నతనం అయిపోయింది, ఏదో దొంగతనం దొరికినట్టు. ఎందుకో తెలుసా? నేను ఇన్నేళ్ళు ఈ సీసా కొట్టుకున్నది దేన్ని కప్పడానికో, ఆ మనిషే దాన్ని వాసన చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఇది లంద వాసన" అన్నాడు.

నాకు ఒళ్ళు చల్లబడింది. మా అవ్వ వంటింట్లోంచి, "పండుగ పూట పిల్లను గట్లంటవేంది" అని అరిచింది.

"తిట్టలేదే. ముందుగాల్ల వాసన గాదు. సున్నం దినాలది గాదు. చెక్కనీళ్ళల్ల పెట్టినంక పదేను దినాలకు ఒక వాసన వస్తది. తోలు ఊనిందని ముక్కే చెప్తది. మా బాపు సంచిని గిట్ల వట్టుకోని వాసన జూసి, 'అయింది, దించురి' అనేటోడు. గా వాసన."

నేను పక్కన కూర్చున్నాను. సీసా మూత తీసి ఇచ్చాను. అందులో అడుగున తోలు వాసన ఉందని డబ్బా మీద రాసిందని చెప్పాను. నాయిన నవ్వాడు.

"తోలుకు సొంతం వాసనేడిది? కుళ్ళితే కుళ్ళు వాసన. ఊనితే చెట్టు వాసన. మంచి తోలు అంటే మనుషులు వాసన జూసేది తంగేడునే."

"ఎంతైంది?" అని అడిగాడు తర్వాత. మూడు వందలు అన్నాను. "గంతనా!" అన్నాడు.

ఆ రాత్రి ఫోన్లో చదువుతూ కూర్చున్నాను. నాయిన మాట తప్పు కాదని తేలింది. సెంట్లలో "లెదర్" అని రాసేదానిలో తోలు ఉండదు. బర్చ్ అనే చెట్టు బెరడును కాల్చి తీసిన తారు వాసనతో పాతకాలంలో దాన్ని కట్టేవాళ్ళు, ఎందుకంటే రష్యావాళ్ళు తోలును ఆ నూనెతోనే పదును చేసేవాళ్ళు. ఇప్పుడు ల్యాబు రసాయనాలు. అంటే తోలు వాసనగా ప్రపంచం కొనుక్కునేది బెరడు వాసననే. మా నాయిన ఐదో తరగతి.

ఇంకో సంగతి దొరికింది, అది చదివి నిద్ర పట్టలేదు. ప్రపంచ సెంట్ల రాజధాని అని పేరున్న ఊరు దక్షిణ ఫ్రాన్స్‌లోని గ్రాస్. ఆ ఊరు మొదట తోళ్ళ ఊరు. మధ్యయుగాల్లో అక్కడి తోలుకు పెద్ద పేరు. తోలు చేతితొడుగులు కుట్టేవాళ్ళు. వాటి కంపు పోవడానికి పూల వాసన పట్టించడం మొదలుపెట్టారు. ఆ తొడుగులకు రాజుల ఇళ్ళలో గిరాకీ వచ్చింది. చేతితొడుగుల పని, సెంటు పని ఒకే సంఘం కిందికి వచ్చాయి. తర్వాత పన్నులు పెరిగి తోలు వ్యాపారం దెబ్బతింది, సెంటు మిగిలింది. ఆ ఊరి సెంటు విద్యను యునెస్కో 2018లో మానవాళి వారసత్వం జాబితాలో పెట్టింది.

చదువుతూ ఉంటే మొదట కోపం రాలేదు. అసూయ వచ్చింది. అక్కడా తోళ్ళు కడిగేవాళ్ళను వాగు పక్కకే నెట్టారు, అక్కడా ముక్కులు మూసుకున్నారు. యూరప్ ఊళ్ళు చాలావాటిలో తోళ్ళ వీధి ఊరి అంచునే. కానీ అక్కడ వాసన పనికి అంటింది. పని మారితే వాసన పోయింది. తొడుగులు కుట్టినవాడి మనవడు సెంటు సీసాల యజమాని అయ్యాడు, ఎవరూ కిటికీ తీయలేదు. ఇక్కడ మా తాత పని మానేసి, లంద పూడ్చి, దాని మీద బెండకాయలు కాయించి, కొడుకును మేస్త్రీని చేసి, మనవరాలిని డాక్టరేట్ చేయించినా వాసన అట్లాగే ఉంది. రసాయనశాస్త్రంలో ఇంత నిలకడగల అణువు లేదు.

ఇక్కడ నన్ను నేనే ఆపుకోవాలి. ఈ కథను నేను ఫోన్లో ఒక స్నేహితురాలికి చెప్తే "ఎంత బాగుంది, నువ్వు నీ మూలాలను వేసుకుని తిరుగుతున్నావన్నమాట" అంది. కాదు. అంత అందంగా లేదు. షాపులో ఆ కాగితం ముక్కను నేను వదలలేకపోవడానికి కారణం ఆరేళ్ళప్పుడు సంచి కింద కుండ పట్టుకున్న పిల్ల ముక్కే కావచ్చు, నాకూ అట్లా నమ్మాలనే ఉంది. కానీ దాన్ని తొమ్మిదిసార్లు కొట్టుకున్నది మాత్రం భయం. రెండూ ఒకే చేతి మీద ఉన్నాయి. పైగా ఆ పదిహేనో రోజు వాసన ముందు ఐదు రోజుల సున్నం ఉంది, మా నాయినమ్మ వేళ్ళు ఉన్నాయి. సీసాలో ఆ ఐదు రోజులు లేవు కాబట్టే అది 5,400. లందలోకి తిరిగి పొమ్మని ఎవరైనా అంటే నేను ఆ సీసాతోనే కొడతాను.

తిరిగి వచ్చే రోజు పొద్దున్నే నాయిన తమ్ముణ్ణి తోడు తీసుకుని గట్టు దాకా పోయి, కొడవలితో ఒక తంగేడు కొమ్మ బెరడు ఒలిచి తెచ్చాడు. అరచెయ్యంత ముక్క. నా బ్యాగులో పెట్టాడు. "ఎండితే వాసన రాదు. నీళ్ళల్ల ఎయ్యాలె" అన్నాడు.

దాన్ని స్టాఫ్ రూము డెస్కులో, హాజరు పట్టీల కింద పెట్టుకున్నాను. కామర్స్ సార్ ఒక రోజు స్టేప్లర్ కోసం ఆ సొరుగు తీసి, ఇదేంటి మేడమ్ ఆయుర్వేదమా అని అడిగాడు. మీరు మెచ్చుకున్న వుడీ ఇదే సార్, మా తాత వేసుకునేవాడు, తరాల నుంచి ఉంది అన్నాను. ఆయన ఒక పక్క నుంచి, ఇంకో పక్క నుంచి వాసన చూసి, ఏం రావడం లేదే అన్నాడు. తడిపితే వస్తుంది సార్ అన్నాను.

పోయిన గురువారం అర్థపరిణామం పాఠం. "కంపు" దగ్గరికి వచ్చాక ఆ ముక్కను గ్లాసు నీళ్ళలో ముంచి తీసి మొదటి బెంచీకి ఇచ్చాను. ఏమిటో చెప్పలేదు. వాసన చూసి పక్కవాళ్ళకు ఇవ్వమన్నాను. బెంచీ బెంచీ దాటుతూ పోయింది. ఒకరు చింతబొట్టు అన్నారు, ఒకరు వాన పడ్డ దూలం అన్నారు, ఒకమ్మాయి వాళ్ళ తాత చెప్పుల పెట్టె అని ఆగిపోయి తల దించుకుంది. ఆఖరి బెంచీలో డియోడరెంట్ పిల్లలు. వాళ్ళలో ఒకడు వాసన చూడకుండా నేరుగా నాలుకకు రాసుకున్నాడు.

"వగరు మేడమ్!" అని మొహం చిట్లించాడు. క్లాసంతా నవ్వింది, వాడూ నవ్వాడు. ముక్కను మాత్రం వెంటనే తిరిగి ఇవ్వలేదు.